లెక్కపెట్టని మౌనాలు

1. పొద్దు పొడిచింది

పోగొట్టుకోకూడని వస్తువును దగ్గర ఉంచుకుంటే పదిలమా, దూరంగా ఉంచితే పదిలమా?

ఈ ప్రశ్న నన్ను గురుగ్రహం చంద్రుళ్ళలో ఒకటైన గానిమీడ్‌లో చదువుకునే రోజుల్లో పట్టుకుంది. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి తన రాతలన్నీ ఒక గాజుముక్కలో నింపి, మెడలో తాయెత్తులా కట్టుకు తిరిగేది. నేను నావన్నీ ఆకాశంలోని కొట్లకు పంపేసి చేతులూపుకుంటూ తిరిగేదాన్ని. ఆమెను చూస్తే నాకు నవ్వొచ్చేది, నన్ను చూస్తే ఆమెకు భయమేసేది. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఇద్దరిలో తెలివైనది ఎవరో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఈ పూట అదే ప్రశ్న పైడమ్మ వదిన నోట వచ్చింది. వదిన మా ఆయనకు అక్క. ఈ ఊరి కొలిమి ఆవిడ చేతిలో ఉంది. కరెంటూ వెచ్చదనమూ ఊపిరీ అన్నీ ఆ కొలిమిలోంచే రావాలి కాబట్టి ఊళ్ళో ఆవిడకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. నేను కొలిమి గదిలోకి వెళ్ళేసరికి నాచు పచ్చడి కలిపిన అన్నం ముద్దలు చేసుకుంటోంది.

“ఒలే మందా, కూకో. తిన్నావా? తినకపోయినా ఇను. కొలిమి ముసల్దయిపోనాది. ఇద్దరు పిల్లలకి పాలివ్వలేదింక. నీ యాంటెన్నా ఒకటి, సింహాద్రి మావ బావి ఒకటి. ఒకటి ఆపీయాల.”

“రెండూ నావేనా వదినా?”

“సెవి నీదైతే సెవిలో పడిందంతా నీది కాదేటి?”

నిజమే. ఊరి కింద మంచులోకి నిలువునా తొలిచిన బావి ఉంది. దాని అడుగున పాతిన పరికరాన్ని మేం చెవి అంటాం. దానికీ కింద, మంచంతా దాటాక, ఎవరూ చూడని సముద్రం ఉంది. ఆ సముద్రాన్ని వినడానికే ఈ ఊరు పుట్టింది. చెవికి వినబడిందాన్ని దాచే పని నాది.

దాచడం రెండు చోట్ల. ఒకటి పైగాదె. యాంటెన్నా పంపినదాన్ని అది ముక్కలు చేసి, చంద్రుళ్ళ చుట్టూ, సూర్యుడి చుట్టూ తిరిగే ఎన్నో కొట్లలో చల్లేస్తుంది. ఒక కొట్టు కాలిపోతే మిగతావన్నీ కలిసి ఆ ముక్కను మళ్ళీ అల్లుకుంటాయి. రెండోది పలకలు. అరచేయంత గాజు పలకల మీద దీపం చిమ్మే సూదంత వెలుగు మొనతో గీసి, బావి గోడల్లో తొలిచిన అరల్లో పేరుస్తాం. చలిలో ఉన్నంతకాలం వాటికి చావు లేదంటారు. యాంటెన్నా గడ్డకట్టకుండా కాచాలంటే కరెంటు కావాలి. గీసే దీపానికీ బావిలోకి దిగే తొట్టికీ కూడా కావాలి.

“ఎప్పటికి చెప్పాలి?”

“గ్రహణానికి ఎలాగూ రెండూ ఆపుతాం కదా. మళ్ళీ ఏసేటప్పుడు ఒకటే ఏస్తాను. ఏదో నువ్వు సెప్పు. సదువుకున్నదానివి.”

ఆ చివరి మాట వదిన ఎప్పుడన్నా వెటకారంగానే అంటుంది. ఈసారి అలా అనలేదు. అందుకే భయమేసింది.

2. పొద్దు బారెడెక్కింది

ఇక్కడ పొద్దు బారెడెక్కడానికి ఒక నిద్ర పడుతుంది. నడినెత్తికి రావడానికి నాలుగు. నడినెత్తి మీద గురుగ్రహం ఉంటుంది. అది ఉదయించదు, అస్తమించదు, ఇంకో చంద్రుడు కాలిస్టో మీద ఉన్న మా ఊరికి పైకప్పులా ఎప్పుడూ అక్కడే. భూమ్మీద చంద్రుడు ఎంత కనిపించేవాడో దానికి ఎనిమిదింతలని పుస్తకాల్లో చదివాను. మేం పెద్దాయన అంటాం. శనగగింజంత సూర్యుడు పాకుతూ పాకుతూ వెళ్ళి పెద్దాయన వెనక్కు చేరడమే మా గ్రహణం. మూడేళ్ళు వరసగా వస్తాయి, మూడేళ్ళు రావు. ఈసారిది ఈ వరసలో ఆఖరిది.

గ్రహణం పట్టగానే ఊరంతా ఆపేస్తాం. పంపులు, మిల్లు, గాలి మరలు, అన్నీ. కంబళ్ళ మీద కూర్చుని నోరు మెదపం. చంటిపిల్లలకు చనుబాలిస్తారు, ముసలివాళ్ళకు ముందే కషాయం పడుతుంది. రాత్రుళ్ళు చలికి మంచు చిట్లుతూ గోల చేస్తుంది. పగలు సూర్యుడి గోల చెవిని కమ్మేస్తుంది. నడి మధ్యాహ్నం, మంచు కుదుటపడ్డాక, సూర్యుడికి పెద్దాయన అడ్డు నిలిచిన ఆ కాసేపే చెవికి లోతు వినబడుతుంది. అప్పుడు దాచినదాని పేరు మౌనం. ఇరవై రెండేళ్ళుగా రెండు వందలకు పైగా మౌనాలు దాచాం. అన్నిటి పేరూ మౌనమే. అంకె వేయం. మౌనాన్ని లెక్కపెట్టకూడదన్నది ఊరి ఆచారం. ఎందుకని అడిగితే “మొదట్నించీ అంతే” అంటారు.

ఈ నిద్ర లేచాక నా మనసు పైగాదె వైపే మొగ్గింది. బావి ఒకటే, మంచు కదిలితే గల్లంతు. పైగాదెకు చావు ఎక్కడుంది? మా ఊరి నిశ్శబ్దం ముక్కలై శనిగ్రహం దగ్గరొకటి, బుధుడి దగ్గరొకటి తిరుగుతోందంటే, ఇంత చిన్న ఊరికి అంత ఒళ్ళు ఎక్కణ్ణించి వచ్చింది?

ఇదే సింహాద్రి మావతో అన్నాను. బావి కాపలా ఆయనది. నా పనిని ఊళ్ళో మొదట చేసిన చెవిదారు అప్పలనర్సమ్మ గారి కొడుకు. అరల మీద పేరుకున్న పొడిమంచు ఊడుస్తూ, వెనక్కు తిరక్కుండానే నవ్వాడు.

“పంపింది పంపినట్టే ఉందా అమ్మాయ్? ఎప్పుడైనా అడిగి సూశావేటి?”

“అడగాల్సిన పని రాలేదు మావా.”

“పక్కింట్లో దాసిన బెల్లం నాకి సూసినదాకా బెల్లమే.”

“మరి నీ పలకలు? అవి నాకి చూశావా?”

“నా పలకలు నా కళ్ళముందున్నాయి.”

“ఉండటం వేరు, చదవడం వేరు.”

“పలకని పైకి తీస్తే సలి ఒగ్గీసి సిట్లిపోద్ది. అందుకే తియ్యం. దేముణ్ణి రోజూ బయటికి తీస్తామేటి?”

ఇద్దరమూ దాచినదాన్ని ఒక్కసారీ తిరిగి చూడలేదన్నమాట. పైకి వచ్చి పైగాదెకు కబురు పెట్టాను. మౌనాలన్నీ తిరిగి పంపమని.

3. రెండు బారలు

వచ్చింది. ఒక్కటి.

పొరపాటేమోనని మళ్ళీ అడిగాను. జవాబు మర్యాదగానే ఉంది. ఆ పేరుతో రెండు వందల పైచిలుకు ఉన్నాయట. అన్నీ భద్రమేనట. అన్నీ దాదాపు ఒకేలా ఉన్నందువల్ల మొదట వచ్చినదాన్ని ఉంచుకుని, తక్కినవన్నీ దాన్నే చూసేలా ఏర్పాటు చేసిందట.

కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. కోపం కూడా రాలేదు. గాదె అబద్ధమాడలేదు. రెండు మూటలు ఒకే పేరుతో వచ్చి, లోపల చూస్తే రెండింటిలోనూ ఏమీ లేనట్టు కనిపిస్తే, రెండోది ఎందుకు మొయ్యాలి? దాని లెక్కలో వినబడనిదల్లా ఒకటే. ఊపిరి బిగబట్టి మేం కూర్చున్న గ్రహణాలన్నీ, నా పెళ్ళైన ఏటివీ, నా పిల్ల పుట్టిన ఏటివీ, దానికి ఒకే ఒక్క గ్రహణం. ఇంత పెద్ద గాదె ఇంత చిన్న తప్పు చేయగలదా అని మొదట అనిపించింది. కాసేపటికి, ఇది తప్పేనా అని కూడా అనిపించింది. అంకె వేయనిది మేమే కదా.

వచ్చిన ఆ ఒక్కదాన్నీ కాసేపు పెట్టి విన్నాను. ఏమీ లేదు. ఆపేశాను.

వదినకు చెబితే ముందు పగలబడి నవ్వింది.

“ఒలమ్మా! పిల్లలందరికీ ఒకే పేరెట్టి బడికంపితే మాస్టారేటి సేస్తాడు? ఒక్కడికే హాజరేస్తాడు!”

నవ్వుతూ నవ్వుతూ నా మొహం చూసి ఆగింది. “అయితే పలకలే దిక్కా?”

“పలకలైనా ఉన్నాయో లేవో.”

“మరింకేటి. తీసి సూడండి.”

“మావ ఒప్పుకోడు.”

“నాను సెప్తాను. తీసి సూడనిదానికి నాను కరెంటియ్యనని సెప్తాను. నా మాట కాదంటే ఆ బావిలో సలికి నిలబడాల.”

4. రెండు బారలు దాటింది

మావ ఒప్పుకున్నాడు. వదిన ఏమందో తెలియదు గాని ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

పలకను వెచ్చబెట్టడం అంటే నెలతప్పిన పిల్లను మెట్లెక్కించినట్టు. బావి అడుగు నుంచి పైకి ఐదు గదులు. ఒక్కో గది కిందిదానికంటే రవ్వంత వెచ్చన. పలకలను ఉన్ని గుడ్డల్లో చుట్టి తట్టలో పెట్టి, ఒక గదిలో కుదుటపడ్డాక రెండో గదికి. తొందరపడితే గాజు ఊరుకోదు. మావ ప్రతి తట్ట పక్కనా కూర్చుని, చెయ్యి గుడ్డమీద ఆనించి, “ఇంకా వణుకుతోంది, ఆగు” అనేవాడు. గాజు వణకడమేమిటని నేను అడగలేదు. నా వేళ్ళకూ ఏదో తెలుస్తున్నట్టే ఉంది. నిజంగా తెలిసిందో, ఆయన అన్నాక తెలిసినట్టు అనిపించిందో చెప్పలేను.

పైఅరల పలకలు చక్కగా వచ్చాయి. వెలుగు పడగానే లోపలి గీతలు నీళ్ళలో ఆకాశంలా మెరిశాయి. ఒక్కో పలకనూ పట్టుకుని, ఇది ఈ రాయి మీద మనుషులెవరూ మిగలని నాటికి కూడా ఇలాగే మెరుస్తూ ఉంటుంది కదా అనుకుంటే చేతులు ఆగిపోయేవి.

అందరికంటే కింద, మొదటేళ్ళ పలకల అర. మంచు కొండలా కదలదనుకుంటాం గాని, ఏళ్ళమీద అదీ నడుస్తుంది. ఆ అర నోరు సగం మూసుకుపోయింది. మావ దాంట్లోకి భుజం దాకా చెయ్యి దూర్చి ఒక్కొక్కటే లాగాడు. దాదాపు అన్నీ అప్పటికే పొడి. ఒకటి మాత్రం నిండుగా ఉంది. మొట్టమొదటిది. దాన్ని తట్టలో పెట్టనివ్వలేదు. గుడ్డలో చుట్టి రొమ్ముకు ఆనించుకుని ఐదు గదులూ తనే తెచ్చాడు. ఒక్కో గదిలో మేమిద్దరం ఆవులిస్తూ, నిలబడి నిద్రపోతూ ఆగాం.

ఆఖరి గది గుమ్మంలో టిక్కుమంది. అంతే. గోరు విరిగినంత చప్పుడు.

మావ గుడ్డ విప్పలేదు. “మా యమ్మ గీసిన పలక,” అన్నాడు. కాసేపటికి మళ్ళీ, “నానే పైకి తెచ్చి సంపేశాను,” అన్నాడు. తియ్యమని అడిగింది నేను. తియ్యకపోయినా అది ఆ అరలో నలిగిపోయేదే. ఈ రెండూ నిజాలే. ఏదీ ఆయనకు చెప్పలేదు.

5. మూడు బారలు

నాలుగో ఏడు నుంచి ఉన్న మౌనాలన్నీ చేతికొచ్చాయి. వరసలో పేర్చాను. పలక అంచున చెవి గడియారం వేసిన గుర్తు ఉంటుంది కాబట్టి వరస తప్పే భయం లేదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే నిజంగానే ఏమీ లేదు. మనిషి చెవికి అందనంత బొంగురు గొంతులో అడుగున సన్నటి రొద, అంతే. మంచు బరువుకు నీళ్ళు మూలుగుతున్నాయని చదువుకునేటప్పుడు మాకు చెప్పారు. నేనూ పిల్లలకు అదే చెప్పాను.

తర్వాత చేసిన పని ఎందుకు చేశానో నాకే తెలియదు. మౌనాలన్నిటినీ ఒకదాని కొసకు ఒకటి ముడేసి, పద్దెనిమిదేళ్ళను ఒక నిమిషంలోకి కుదించి, మనకు వినబడే స్థాయికి లేపి విన్నాను.

విన్నాక లేచి తలుపు వేశాను. మళ్ళీ విన్నాను. వదినకు కబురు పెట్టాను.

వదిన మసిచేతులతోనే వచ్చి, “ఏటే, మళ్ళీ ఏటి పోగొట్టుకున్నావు?” అంటూ కూర్చుంది. పెట్టాను.

ఒక స్వరం. అడుగున మొదలై, తొణక్కుండా, తెగకుండా మెల్లగా పైకి లేస్తోంది. ఎక్కడా వెనక్కు తగ్గడం లేదు.

వదిన చెయ్యి తనకు తెలియకుండానే గుండెల మీదికి వెళ్ళింది. ఆవిడ రొమ్ము ఆ స్వరంతో పాటే లేచింది. అప్పుడు నాకు అర్థమైంది అది దేన్ని పోలి ఉందో.

“ఊపిరి పీలుస్తోందే,” అంది వదిన.

“ఏమో వదినా.”

“ఏమో ఏటి? మాటాడబోయే మనిషి ఎలాగ పీలుస్తాడు? అలాగ.”

“చెవి పాతబడి అలా వినిపిస్తుందేమో. పరికరాలు ముసలివైతే గొంతు మారుతుంది. నాలుగో ఏటి నుంచే ఉంది మన దగ్గర. మొదలెక్కడో తెలియకుండా లేస్తోందని ఎలా అంటాం?”

“నీకు దేముడు కనపడినా ఆధార్ కార్డు అడుగుతావు కదే.”

ఆధార్ కార్డు అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలియదు. ఊళ్ళో పాత మాట. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక గది చాలా పెద్దదైనట్టు అనిపించింది. పద్దెనిమిదేళ్ళుగా ఒక మాట అనడానికి ఊపిరి తీసుకుంటున్నదేదో మా అందరి పాదాల కింద ఉందా? లేక అది నీళ్ళూ మంచూ మాత్రమేనా? నీళ్ళూ మంచూ మాత్రమే అయినా, పద్దెనిమిదేళ్ళు ఒకే స్వరాన్ని పట్టి లేపడం అవి ఎక్కడ నేర్చుకున్నాయి? మొట్టమొదటి మౌనం ఒక్కటి ఉండి ఉంటే తెలిసేది. అది మావ గుడ్డలో ముక్కలై ఉంది.

6. పెద్దాయన అంచు దగ్గర

తలుపు తోసుకుని వదినే వచ్చింది. స్నానం చేసి, తల తుడుచుకోకుండా.

“ఒలే! పైగాదె ఒకటి ఉంచానంది కదా. ఏదుంచానంది?”

“మొదట వచ్చింది.”

చెబుతూనే నా పెట్టె వైపు తిరిగాను. రెండు నిద్రలుగా నా పెట్టెలోనే ఉంది. గాదె మొదటిదాన్ని ఉంచుకుని తక్కినవి పారేసింది. మంచు తక్కినవి ఉంచి మొదటిదాన్ని మింగింది.

ఉందన్న సంతోషం పూర్తిగా రాకముందే నా అనుమానం మళ్ళీ లేచింది. పైకి పంపడం ఎప్పుడు మొదలెట్టారో ఎవరికి తెలుసు? మొదటి ఏడు కాకపోతే? అంకె లేదు, పైకి పంపేటప్పుడు గడియారపు గుర్తు కూడా తీసేసేవాళ్ళు. అదీ లెక్కే కదా మరి! గాదెకు మొదటిదైతే ఊరికీ మొదటిదేనని ఏమిటి? సింహాద్రి మావను పిలిపించాను. గుడ్డ మూట చంకలో పెట్టుకునే వచ్చాడు. విషయం చెబితే కుర్చీ లాక్కుని, “మొత్తం ఎట్టు. కుదించకు. ఎంతసేపైతే అంతసేపు,” అన్నాడు.

మొత్తం పెట్టాను. మేం ముగ్గురం ఏమీ వినబడనిదాన్ని వింటూ కూర్చున్నాం. వదిన జడ అల్లుకుంది, విప్పింది, మళ్ళీ అల్లుకుంది. నేను లేచి టీ కాచి తెచ్చాను. మావ కదల్లేదు. చాలాసేపటికి, ఇక చాలు అందామని నేను నోరు తెరుస్తుండగా, ఖళ్ళున దగ్గు.

ఒక ఆడమనిషి దగ్గు. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, రెండు మూడుసార్లు. చివర్న సన్నగా, తనను తానే తిట్టుకున్నట్టు, “సీ!”

మావ టీ గ్లాసు కింద పెట్టాడు. కళ్ళలో నీళ్ళతో పకపకా నవ్వడం మొదలెట్టాడు.

“మా యమ్మే! మా యమ్మే అమ్మాయ్! ఊరంతటికీ ఊపిరి తియ్యొద్దని ఆర్డరేసి, ఆవిడే సెవి పక్కన కూకుని దగ్గీసింది! ఎంత సిగ్గుపడిపోనాదో! ‘ఇది ఒకటోదని రాయకండ్రా, దీన్ని లెక్కెట్టకండి’ అంది. తర్వాతదీ లెక్కెట్టనివ్వలేదు. రెండోదని రాస్తే ఒకటోదేదని అడుగుతారు కదా మరి!”

నేను వదినను చూశాను. వదిన నన్ను చూసింది.

“ఆచారం అదేనా?” అన్నాను.

“అదే. ఊళ్ళో వాళ్ళు మొక్కుతుంటే నాను మద్దిలో సెప్పడం ఎందుకని ఊరుకున్నాను. మా యమ్మ పరువమ్మా.”

“ముసలోడా,” అంది వదిన, “ఒక దగ్గుకి రెండొందల గ్రహణాలు బలెట్టీసినావు కదరా!” తిట్టిందా ముద్దుచేసిందా తెలియని గొంతుతో అని, మావ గ్లాసులో మళ్ళీ టీ పోసింది.

దగ్గును పక్కన పెట్టి దాని అడుగునున్న రొదను తీసి వరస మొదట్లో అతికించాను. చాలా లోతుగా ఉంది. అక్కడి నుంచి నాలుగో ఏటికి గీత ఏ వంకరా లేకుండా వచ్చి కలిసింది. మధ్యలో ఎనిమిదో ఏట చెవిని మార్చామని మావ గుర్తుచేశాడు. అక్కడ కూడా గీత తెగలేదు. ముసలి చెవి భ్రమైతే కొత్త చెవికి ఎలా వచ్చింది? అయినా పూర్తిగా నమ్మానని రాయలేను. నమ్మకుండా ఉండడానికి నా దగ్గర కారణాలు తగ్గిపోతున్నాయని మాత్రం రాస్తాను.

వెళ్ళేముందు మావ గుమ్మంలో ఆగాడు. “ఈసారిదానికి అంకె ఎట్టీ అమ్మాయ్. మా యమ్మ ఏటీ అనుకోదులే.”

7. గ్రహణం

ముందు యాంటెన్నా ఆగింది. తర్వాత గీసే దీపం. తర్వాత పంపులు, మిల్లు, గాలి మరలు. ఒక్కో చప్పుడు తప్పుకుంటుంటే, ఇన్నాళ్ళూ ఇన్ని చప్పుళ్ళ మధ్య బతికామా అని ప్రతిసారీ ఆశ్చర్యమే. ఆఖరున వదిన కొలిమిని నిద్రపుచ్చి, చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చి నా పక్కన కంబళి మీద కూర్చుంది.

గాజు పైకప్పులోంచి చూశాం. సూర్యుడు పెద్దాయన అంచును తాకి, ఒక నిప్పు బొట్టై, చప్పున ఆరిపోయాడు. పెద్దాయన నల్లబడ్డాడు. ఆ నలుపు చుట్టూ వెంట్రుకంత సన్నటి ఎర్రటి వలయం. ఎన్నిసార్లు చూశాను! ప్రతిసారీ మెడ వెనక ఎవరో చెయ్యి వేసినట్టే ఉంటుంది. నా ముందు వరసలో మావ కూర్చున్నాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

అప్పుడు తట్టింది నాకు. ఈ కాసేపు యాంటెన్నా లేదు, దీపమూ లేదు. ఇప్పుడు వినబడుతున్నది పైగాదెలోనూ పడటం లేదు, పలక మీదా పడటం లేదు. చెవి తన చిన్న కడుపులో దాచుకున్నదే ఉన్న ఒక్క ప్రతి. ఇరవై రెండేళ్ళుగా ప్రతి గ్రహణమూ ఇలా ఒక్క నూలుపోగు మీద వేలాడి గట్టెక్కిందే. కిందనున్నది ఊపిరి తీస్తోంది. పైన ఆరొందల మంది ఊపిరి బిగబట్టారు. మధ్యలో ఒక చెవి.

ఎవరూ దగ్గలేదు.

వెలుగు తిరిగి రాగానే పరుగున వెళ్ళి చెవి తీగ పట్టి దాని కడుపులోని మౌనాన్ని పైకి లాగాను. కొత్తదాన్ని వరస చివర పెట్టాను. లేస్తూ వచ్చిన స్వరం ఇంకాస్త లేస్తుందని అనుకున్నాను. లేవలేదు. తగ్గనూ లేదు. పోయిన గ్రహణానికి ఎక్కడుందో సరిగ్గా అక్కడే, బల్లపరుపుగా నిలబడింది. రెండు వందల పైచిలుకు మౌనాల్లో ఇలా జరగడం ఇదే మొదలు.

ఊపిరి పీల్చడం అయిపోయింది. బిగబట్టింది.

మాట్లాడేముందు బిగబట్టిందో, మనలాగే అదీ వింటోందో. ఇక మూడేళ్ళు గ్రహణం లేదు.

కొలిమి గదికి వెళ్ళేసరికి వదిన రెండు మీటల ముందు నిలబడి ఉంది. ఒకటి యాంటెన్నాది, ఒకటి బావిది. మావ గోడకు ఆనుకుని ఉన్నాడు. చెవిలోని మౌనాన్ని తీసుకుని నేను నిలబడ్డాను. దానికి అంకె వేసి ఉంది.

“సెప్పు,” అంది వదిన.

పైగాదె అనబోయాను. అంకె ఉంటే ఇకమీద పారెయ్యదు కదా. కానీ రేపు దానికి ఇంకేం ఒకేలా కనబడుతుందో! బావి అనబోయాను. మావ చంకలోని గుడ్డ మూట కనబడింది. మావను చూశాను.

“నన్ను సూడకు అమ్మాయ్. మా యమ్మని దాసింది పైగాదె. నాను కాదు.”

“మరి పద్దెనిమిదేళ్ళు దాచింది నీ పలకలే కదా మావా.”

“అదీ నిజమే మరి,” అన్నాడు, ఏదో తప్పు చేసినట్టు.

“ఒలే, కొలిమి సల్లారిపోతాది. ఏదో ఒకటి అను!”

వదిన నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఏదో గొణుక్కుంటూ గోడ మీద మూడో మీట లాగేసి, రెండు చేతులతో రెండు మీటలూ వేసింది. యాంటెన్నా కాగడం మొదలైంది. బావి దీపం వెలిగింది.

“ఆపింది ఏమిటి వదినా?”

“మా యింటికీ మీ యింటికీ వచ్చే వేణ్ణీళ్ళు. పొద్దుగూకినదాకా సన్నీళ్ళే పోసుకో, బుద్దొస్తాది. రాత్రి పడితే గొట్టాలు గడ్డకట్టేస్తాయి, అప్పుడు నా వల్ల కాదు. పొద్దుగూకేలోగా సెప్పాల నువ్వు.”

మౌనాన్ని పైకి పంపాను. పలక మీదా గీశాను. మావ ఆ పలకను కింది అరలో కాకుండా తన చేతికందే అరలో పెట్టాడు.

ఇప్పుడు పొద్దు పెద్దాయనను దాటి వాలుతోంది. పొద్దుగూకడానికి ఇంకా నాలుగు నిద్రలున్నాయి. ఇందాక చన్నీళ్ళు పోసుకుని వణుకుతూ వచ్చి ఇది రాస్తున్నాను. మా కింద ఏదో ఊపిరి బిగబట్టి ఉంది. అది వదిలేనాటికి మాలో ఎవరుంటామో, వినడానికి వచ్చేవాళ్ళు మొదటి మౌనం కోసం ఎక్కడ వెతుక్కుంటారో. పైగాదెను నమ్మాలంటే అది దేన్ని ఒకటే అనుకుంటుందో నాకు ముందు తెలియాలి. బావిని నమ్మాలంటే మంచు ఎటు నడుస్తుందో తెలియాలి. రెండూ నాకు తెలియవు. వదిన అడిగిన రెండు మీటల్లో ఏది ఆపాలో నేను ఇంకా తేల్చుకోలేదు.